చక్కెర నేలలో ఎర్ర కేకు

అమెరికా దేశములోని టెక్సాస్ రాష్ట్రములో, హ్యూస్టన్ మహానగరమునకు నైరుతి దిక్కున షుగర్ లాండ్ అనే ఊరు ఉంది. మన మాటలో చెప్పాలంటే చక్కెర నేల. ప్రియ పాఠకులారా, ఆ ప్రాంతములో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కిరాణా దుకాణములో కందిపప్పు దగ్గర నిలబడితే ఒక ప్రక్క గుంటూరు యాస, మరొక ప్రక్క కరీంనగరు యాస వినబడతాయి. 2023 జూన్ నెలలో అక్కడి తెలుగు సహవాసము వారి ఆహ్వానము మీద పదిహేను రోజులు ఆ ఊరిలో ఉండే భాగ్యము నాకు కలిగింది. నాకు ఆతిథ్యమిచ్చినది ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక సహోదరి, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు. ఎండ మాత్రము మన రోహిణి కార్తె ఎండే. గోదావరి ఒడ్డున పట్టే ఉక్కపోత ఆ గాలిలో కూడా ఉంది.

ఊరికి ఆ పేరు ఊరకనే రాలేదు. బ్రాజోస్ నది క్రింద భాగమంతా ఒకప్పుడు చెరకు తోటలు. 2003లో మూతబడిన ఇంపీరియల్ చక్కెర కర్మాగారపు ఎర్ర ఇటుకల కట్టడము ఇంకా నిలిచి ఉంది. ఉయ్యూరు, తణుకు వైపు పాఠకులకు చెరకు పని గురించి నేను చెప్పనవసరము లేదు. ఆకు అంచు చేతిని ఎలా కోస్తుందో, కోత రోజుల్లో నడుము ఎలా విరుగుతుందో వారికి తెలుసు. ఆ తోటలలో మొదట బానిసలు పనిచేశారు. 1865లో బానిసత్వము పోయిన తరువాత తోటలకు మనుషులు కావలసి వచ్చింది. అప్పుడు ప్రభుత్వమే చెరసాలలోని ఖైదీలను తోటల యజమానులకు కిరాయికి ఇచ్చింది. రాజ్యాంగములో బానిసత్వమును రద్దు చేసిన సవరణలోనే నేరమునకు శిక్షగా అయితే తప్ప అనే మినహాయింపు ఉంది. చిన్న దొంగతనమునకు, పని లేక తిరుగుతున్నాడన్న నేరమునకు నల్లజాతివారిని పట్టుకొని ఆ మినహాయింపు సందులోనుండి మళ్ళీ అవే తోటలకు తోలారు.

2018లో షుగర్ లాండ్‌లో ఒక పాఠశాల భవనము కొరకు నేల త్రవ్వుతుండగా ఎముకలు బయటపడ్డాయి. లెక్కించగా 95 మంది. ఎక్కడా పేరు లేదు, రాయి లేదు. ఖైదీలను కిరాయికిచ్చిన రోజులలో చెరకు పొలాలలో చనిపోయిన నల్లజాతివారు వారని పరిశోధకులు తేల్చారు. వారిలో యౌవనము దాటని పిల్లవారు కూడా ఉన్నారు. 2019లో వారిని అదే స్థలములో మరల సమాధి చేశారు. మా సహోదరి నన్ను అక్కడికి తీసుకొనివెళ్ళింది. గడ్డి పొట్టిగా కోసి ఉంది, ప్రక్కనే పాఠశాల ఉంది. "అయ్యగారూ, ఇల్లు కొనేటప్పుడు ఊరి పేరు తియ్యగా ఉందని సంబరపడ్డాము. పేరు వెనుక ఏముందో మాకెవరూ చెప్పలేదు" అన్నది.

ఆ సహోదరితో కలిసి ఆసుపత్రిలో పనిచేసే నల్లజాతి సోదరి ఒకామె ఉన్నది. ఆమె మేనత్త హ్యూస్టన్ థర్డ్ వార్డ్ అనే పేటలో ఒక చిన్న బాప్టిస్టు సంఘములో పెద్దావిడ. ఆ సంఘాలలో వయసు మీరి, ప్రార్థనలోను పనిలోను నిలిచిన స్త్రీలను అందరూ "మదర్" అని పిలుస్తారు. మన సంఘాలలో ఒక పెద్దమ్మకు ఇచ్చే గౌరవమే. జూన్ 19 పండుగకు ఆ మదర్ ప్రతి సంవత్సరము ఎర్ర కేకు చేస్తుందని, శనివారము సంఘపు వంటగదికి రమ్మని పిలుపు వచ్చింది.

ఆ పండుగ ఏమిటో చూడాలని శుక్రవారము గాల్వెస్టన్ వెళ్ళి వచ్చాము. హ్యూస్టన్‌కు సుమారు 80 కిలోమీటర్లు, సముద్రములో ఒక సన్నని దీవి. 1900 సెప్టెంబరు 8న ఉప్పెన వచ్చి ఆ దీవిలో కనీసము ఆరు వేలమందిని తీసుకొనిపోయింది. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన మనకు ఆ లెక్క వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఉప్పెన తరువాత వారు కట్టిన 17 అడుగుల సముద్రపు గోడ మీద కొంతసేపు నడిచాము. తరువాత స్ట్రాండ్ అనే పాత వీధికి వచ్చాము. 1865 జూన్ 19న గోర్డన్ గ్రేంజర్ అనే సేనాధిపతి ఆ పట్టణములో మూడవ నంబరు ఉత్తరువు వెలువరించాడు. బానిసలందరు స్వతంత్రులని, యజమానులకును వారికిని హక్కులలో సమానత్వము కలదని దాని సారాంశము. అదే ఉత్తరువులో ఇప్పుడున్న చోటనే ఉండి కూలికి పనిచేసుకొనుడని సలహా కూడా ఉంది. సేనాధిపతి కార్యాలయము ఉన్నచోట 2021లో ఒక గోడ నిండా పెద్ద చిత్రము వేశారు.

లింకన్ విడుదల ప్రకటన 1863 జనవరి 1న వచ్చింది. టెక్సాస్‌లో అప్పుడు రమారమి రెండున్నర లక్షల మంది బానిసలు ఉన్నారు. రెండున్నర ఏండ్ల పాటు కబురు అందలేదని సాధారణముగా చెబుతారు. కబురు రాక కాదు, యజమానులలో అనేకులకు అది తెలిసే ఉంది. ఆ మాటను అమలు చేయించేంత సైనికబలము టెక్సాస్‌లో లేదు, అంతే. కాగితము మీద వచ్చిన హక్కు పొలము గట్టు దాటి రావడానికి ఎంత కాలము పడుతుందో మన పల్లెలలో ఉన్నవారికి వేరే చెప్పాలా?

జూన్, నైన్టీన్త్ అనే రెండు మాటలను కలిపి ఆ దినమును జూన్‌టీన్త్ అంటారు. 1872లో హ్యూస్టన్‌లో ఒకప్పుడు బానిసలైనవారు డబ్బు పోగుచేసి, ఈ పండుగ జరుపుకొనుటకే పదెకరాల నేల కొన్నారు. ఆ పనికి పూనుకొన్న వారిలో ఆంటియోక్ బాప్టిస్టు సంఘ కాపరి జాక్ యేట్స్ ఒకడు. ఆయనా ఒకప్పుడు బానిసే. ఆ తోటకు ఎమాన్సిపేషన్ పార్కు అని పేరు, ఇప్పటికీ థర్డ్ వార్డ్‌లో ఉంది. దేశమంతటికీ సెలవు దినముగా మాత్రము 2021లో గాని రాలేదు.

ఇక వంటగదికి వద్దాము. సంఘపు ఆలయము వెనుక పొడవాటి గది, రెండు పెద్ద ఓవెన్లు, గోడకు ఫ్యాను. మదర్‌కు ఎనభై ఒక్క సంవత్సరాలు. షుగరు వ్యాధి వలన ఎడమ పాదము వేళ్ళు తీసివేశారు. మనము "షుగరు వచ్చింది" అన్నట్టే అక్కడి పాతతరము నల్లజాతివారు కూడా ఆ వ్యాధిని షుగరు అనే అంటారు. ఆమె కుర్చీలో కూర్చుని చెబుతుంటే మేనకోడలు చేస్తున్నది. చేతులు వణుకుతున్నందున ఆ సంవత్సరము నుండి గరిటె తాను పట్టనని ఆమె ముందే చెప్పిందట. కొలతలు ఎప్పుడూ కాగితము మీద వ్రాసి ఇవ్వలేదు. "చూసి నేర్చుకున్నది చేతిలో ఉంటుంది, వ్రాసుకున్నది డ్రాయరులో ఉంటుంది" అని ఆమె వాదన. నేను ఆమె అనుమతితో వ్రాసుకున్నాను.

ఇది మన పుట్టినరోజులకు బేకరీలవారు ఇచ్చే గుండ్రని అంతస్తుల కేకు కాదు. సంఘ భోజనానికి ఆ కష్టము ఎవరు పడతారు? 13 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు, రెండంగుళాల లోతు గల పళ్ళెములో పిండి పోసి, కాల్చి, పైన క్రీము పూసి, ఆ పళ్ళెములోనే ముక్కలు కోసి పంచుతారు. ఒక్క పళ్ళెమునకు 24 ముక్కలు వస్తాయి. వారి కప్పు అంటే సుమారు 240 మిల్లీలీటర్లు. మైదా రెండున్నర కప్పులు, పంచదార ఒకటిన్నర కప్పు, మజ్జిగ ఒక కప్పు, గ్రుడ్లు రెండు, కోకో పొడి ఒక పెద్ద చెంచా. వంటసోడా, ఉప్పు, వెనిల్లా ఎసెన్సు, తెల్ల వినెగరు ఒక్కొక్క చిన్న చెంచా. ఎర్ర రంగు ఒక చిన్న సీసా. నూనె ఒకటిన్నర కప్పు! ఆ నూనె చూస్తే మా ఇంట్లో వారము రోజుల కూరలు గుర్తుకు వచ్చాయి. వెన్న వేసిన కేకు చల్లబడితే బిగుసుకుంటుందని, నూనె వేసినది మరుసటి రోజుకు కూడా మెత్తగా ఉంటుందని ఆమె చెప్పింది.

వినెగరు అంటే మన బైబిలులో చిరక అని చదువుతామే, అటువంటి పులుపే. బోయజు పొలములో రూతు తన ముక్కను ముంచి తిన్నది దానిలోనే. మజ్జిగలోని పులుపు, వినెగరు పులుపు వంటసోడాను తాకగానే గాలి బుడగలు పుడతాయి. ఆ బుడగలే కేకును పైకి లేపుతాయి. పొడి దినుసులన్నీ ఒకటిగా జల్లించి, తడివన్నీ ఒకటిగా గిలకొట్టి, చివరకు రెండింటినీ కలుపుతారు. అక్కడ నేనేదో ప్రశ్న అడగబోయాను. "నాయనా, మాటలు తరువాత. సోడా మజ్జిగలో పడ్డాక పాస్టరు కోసమైనా ఆగదు" అన్నదా తల్లి. గబగబా పళ్ళెములో పోసి ఓవెన్‌లో పెట్టారు. 350 డిగ్రీల ఫారెన్‌హీట్, అనగా సుమారు 175 సెల్సియస్, ముప్పై అయిదు నిమిషాలు. మధ్యలో ఒక పుల్ల గుచ్చి తీస్తే పచ్చి పిండి అంటకూడదు. ఎక్కువగా కలిపితే మైదాలోని జిగట లేచి కేకు రొట్టెలాగా సాగుతుంది. కాబట్టి పొడి పిండి కనబడనంత వరకే కలపాలి.

దీనికి రెడ్ వెల్వెట్ అని పేరు. వెల్వెట్ అంటే మఖమలు. పందొమ్మిదవ శతాబ్దములోనే మెత్తని కేకులను మఖమలు కేకులు అనేవారు. అప్పుడు వాటిలో ఎర్రరంగు లేదు. శుద్ధి చేయని మామూలు కోకో పొడికి పులుపు తగిలితే దానిలోని సహజమైన ఎరుపు కొద్దిగా బయటపడుతుంది. ఇటుక రంగంత ఎరుపు అది, అంతకు మించదు. ఈనాడు మనము చూచే ఎరుపు సీసాలోనిది. టెక్సాస్‌లోని ఆడమ్స్ అనే ఎసెన్సుల సంస్థవారు ఇరవయ్యవ శతాబ్దపు మధ్య భాగములో తమ ఎర్ర రంగు సీసాలతో పాటు ఈ కేకు చేసే విధానమును కార్డుల మీద అచ్చువేసి దుకాణాలలో పంచారు. అట్లు అది ఇంటింటికీ చేరింది. న్యూయార్కు వాల్డార్ఫ్ హోటలులో ఒక స్త్రీ ఈ కేకు విధానము అడిగితే పెద్ద బిల్లు పంపారని, ఆమె కోపముతో దానిని అందరికీ పంచిపెట్టిందని ఒక కథ కూడా ఉంది. వినడానికి బాగుంటుంది గాని ఆధారము లేని కథ.

అసలు తగవు ఆ రంగు దగ్గరే వచ్చింది. మేనకోడలు నర్సు కదా, సీసా రంగు వద్దన్నది. ఆమె మాటలో నిజము ఉన్నది. రెండవ నంబరు ఎరుపు అనే రంగును అమెరికా ప్రభుత్వము 1976లో నిషేధించింది. మూడవ నంబరు ఎరుపుకు 2025 జనవరిలో అనుమతి తీసివేసింది. ఈ కేకులలో ఎక్కువగా వాడేది నలభయ్యవ నంబరు, అది వేరు. అయినను ఆమె బీటురూటు ఉడికించి, రుబ్బి, తన వంతు ఒక పళ్ళెము చేస్తానన్నది. మదర్ ఒప్పుకొన్నది. నాలుగు పళ్ళెములు సీసా రంగుతో, ఒకటి బీటురూటుతో చేశారు. ఓవెన్‌లో పెట్టేటప్పుడు అయిదూ ఎరుపే. తీసేటప్పటికి అయిదవది గోధుమ రంగుకు తిరిగింది. బీటురూటు ఎరుపు వేడికి నిలవదు, సోడా తగిలితే మరీ త్వరగా పోతుంది.

(మన ఊళ్ళలో కేకులు చేసే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. జాతరలో, సంతలో విడిగా పొట్లములో అమ్మే ఎర్ర పొడి కొనవద్దు. బట్టలకు వేసే రోడమిన్-బి అనే రంగు పీచు మిఠాయిలో దొరికినందున 2024లో తమిళనాడు ప్రభుత్వము ఆ మిఠాయినే నిషేధించవలసి వచ్చింది. ఆహారమునకు అనుమతించిన రంగు అని ముద్ర ఉన్న సీసాయే కొనండి, అదీ కొంచెమే వేయండి.)

"రంగు ఎందుకమ్మా, రుచి ఒక్కటే కదా?" అని అడిగాను. ఎరుపు అనగానే నా మనస్సు యెషయా గ్రంథమునకు పరుగెత్తింది, దాచనేల. పాపము, రక్తము, హిమము అని ప్రసంగమునకు మూడు తలలు కూడా సిద్ధమయినవి. ఆమె అటు వెళ్ళలేదు. ఆ దినమున తినేవి, త్రాగేవి ఎర్రగా ఉండడము తమ పెద్దలనుండి వచ్చినదని చెప్పింది. ఎర్ర పానీయము, పుచ్చకాయ, ఎర్ర కేకు. పశ్చిమ ఆఫ్రికాలో అతిథికి, పండుగకు కోలా కాయలు, ఎర్రని మందార జాతి పువ్వు నీళ్ళు ఇచ్చేవారు. ఆ అలవాటే ఓడలలో వచ్చిందని చరిత్రకారులు కూడా అంటారు. ఆ గదిలోనే పెద్ద జాడీలో ఆ నీళ్ళు ఉన్నాయి. ఒక గుక్క త్రాగితే పుల్లగా, ఎరిగిన రుచిలా తోచింది. ఏమిటా అని చూస్తే ఎండబెట్టిన ఎర్ర గోంగూర కాయల తొక్కలు! తెలంగాణములో పుంటికూర అంటారే, ఆ జాతి మొక్కే. ఆఫ్రికానుండి అటు అమెరికాకు, ఇటు మన పెరటికి చేరిన మొక్క. మనము ఆకు తింటాము, వారు కాయ తొక్క నానబెడతారు.

తరువాత ఆమె పంచదార గురించి చెప్పింది. ఆమె అమ్మమ్మ తల్లి బ్రాజోస్ ఒడ్డున చెరకు తోటలో పుట్టింది, విడుదల నాటికి ఎనిమిదేళ్ళ పిల్ల. చెరకు నరికి, రసము కాచి, చక్కెర తీసినవారికి ఆ చక్కెర పెట్టలేదు. అడుగున మిగిలిన నల్లని మడ్డి పాకము, మొక్కజొన్న పిండి పెట్టారు. "అందుకే సంవత్సరానికి ఒక్క దినము తెల్ల పిండి, తెల్ల చక్కెర, ఎర్ర రంగు. నా ఒంట్లో చక్కెర ఉందని డాక్టరు చెబుతాడు. ఆ పిల్లకు దక్కనిది నాకు ఎక్కువైంది, చూశావా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మొన్న చూచిన ఆ పొట్టి గడ్డి నేల కళ్ళముందుకు వచ్చింది.

క్రీము ఆదివారము సాయంత్రము చేశారట. ఆరాధన ఉన్నందున నేను వెళ్ళలేదు, మా సహోదరి వెళ్ళి నేర్చుకొని వచ్చింది. క్రీము చీజ్ అనేది పాలు, మీగడ తోడుపెట్టి నీరు వడగట్టిన మెత్తని ముద్ద. మన గుడ్డలో వ్రేలాడదీసిన గట్టి పెరుగుకు చుట్టము అనుకోండి, కాని కొవ్వు ఎక్కువ. ఒక పళ్ళెమునకు 225 గ్రాముల క్రీము చీజ్, 115 గ్రాముల వెన్న, మెత్తగా పొడిచేసిన చక్కెర మూడు కప్పులు. వెన్న మెత్తబడి ఉండాలి. చీజ్ వేసిన తరువాత ఎక్కువ గిలకొడితే నీరై జారిపోతుంది. కేకు పూర్తిగా చల్లారాలి, గోరువెచ్చగా ఉన్నా క్రీము కరిగి ప్రక్కలకు దిగుతుంది. పాతకాలములో ఈ కేకుకు పాలు, మైదా కాచి వెన్నతో గిలకొట్టిన క్రీము పూసేవారని, చీజ్ తరువాత వచ్చినదని మదర్ చెప్పిందట. ఆ ఎండలో అది గంటకు మించి బయట ఉండకూడదు. 32 డిగ్రీలు దాటితే గంటలోనే చెడు క్రిములు పెరుగుతాయని అక్కడి ఆరోగ్యశాఖ నియమము. కాబట్టి మంచుగడ్డల పెట్టెలలో పళ్ళెములను దించారు.

సోమవారము, జూన్ 19. సంఘపు గదిలో వందమందికి పైగా ఉన్నాము. అందులో తెలుగువారము ఏడుగురము. మా సహోదరి పులిహోర చేసి తెచ్చింది, అది మొదట అయిపోయింది. ప్రార్థన, పాటలు, ఆ మూడవ నంబరు ఉత్తరువును ఒక పన్నెండేళ్ళ పాప చదవడము. భోజనాలయ్యాక పళ్ళెములు విప్పారు. నాలుగు ఎర్ర పళ్ళెములు చూస్తుండగానే ఖాళీ అయ్యాయి. గోధుమరంగు దాని దగ్గరకు పిల్లలు వచ్చి, చూసి, తిరిగి పోతున్నారు. మేనకోడలు ఏమీ అనలేదు, కత్తి పట్టుకొని నిలబడి ఉన్నది.

మదర్ కుర్చీని అక్కడికి జరపమన్నది. ఆ పళ్ళెములోనుండి రెండు వ్రేళ్ళంత ముక్క కోయించుకొని నెమ్మదిగా తిన్నది. ఎర్రది ముట్టుకోలేదు. "కేకు బాగుంది. మజ్జిగ సరిపోయింది. రంగే, రంగు రాలేదు" అన్నది. తరువాత పిల్లలను పిలిచి, ఒక్కొక్కరికి ఆ ముక్క కూడా పెట్టించింది. తినకుండా ఎవరినీ కదలనివ్వలేదు.

2024 జూన్‌లో మా సహోదరి ఫోనుకు ఒక ఫోటో పంపింది. అదే వంటగదిలో మేనకోడలు ఓవెన్ ముందు ఉన్నది. ఈసారి మూడు పళ్ళెములు సీసా ఎరుపు, రెండు గోధుమ రంగు. మదర్ చక్రాల కుర్చీలో ఉన్నది, ఒడిలో కొలత కప్పు ఉన్నది. ఫోటో క్రింద మా సహోదరి ఇలా వ్రాసింది: "అయ్యగారూ, మీరు వ్రాసుకున్న కొలతలు వెంటనే పంపండి. వినెగరు ఒక చెంచానా, రెండా అని ఇక్కడ ఇద్దరికీ తగవు."

ఒకటేనని ఆ రాత్రే జవాబు పంపాను.